నక్కవుల్లి టిష్యూ కల్చర్: నలభై సీసాల్లో ముప్పై ఏడు పోయాయి, తప్పెక్కడ?

మహేంద్రతనయ (మందస) · జనవరి 27, రాత్రి 10:12

నమస్కారం. మాది మందస దగ్గర, జీడి అంట్ల నర్సరీ ఉంది. బీఎస్సీలో బోటనీ చదివిన పాపానికి ఇంటి వెనక గదిని టిష్యూ కల్చర్ ల్యాబ్ చేసుకున్నాను, అంటే మొక్క ముక్కల్ని క్రిములు లేని సీసాల్లో పెంచే గది. సెకండ్ హ్యాండ్ లామినార్ (వడకట్టిన గాలి వీచే పెట్టె), చిన్న ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే కుక్కర్), ఏసీ, ట్యూబులైట్లు బిగించిన రెండు ర్యాకులు. అరటి మీద చెయ్యి తిరిగింది. ఇప్పుడు ఔషధ గడ్డల మీద పడ్డాను. మొదటిది నక్కవుల్లి. అడవి ఉల్లి అని కూడా అంటారు, ఆయుర్వేదంలో వనపలాండు. మా సొంత జీడితోట గట్టున రాళ్ల మధ్య ఇరవై గడ్డల దాకా ఉన్నాయి. మా తాత కాలం నుంచీ అన్నే ఉన్నాయట, పెరగవు తరగవు.

రెండు గడ్డలు తవ్వి పైపొరలు ఒలిచాను. కుళాయి కింద అరగంట కడిగి, సబ్బు నీళ్లలో తిప్పి, బూజు మందు బావిస్టిన్‌లో అరగంట నానబెట్టాను. లామినార్ కింద ఆల్కహాల్ ఒక నిమిషం, హైపోక్లోరైట్ (బ్లీచ్) 15 నిమిషాలు, స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు. ఎంఎస్ మీడియాలో (ముక్కకి తిండి పెట్టే జెల్లీ) లీటరుకి హార్మోన్లు బీఏపీ 2 మిల్లీగ్రాములు, ఎన్ఏఏ 0.5, పంచదార 30 గ్రాములు, పీహెచ్ 5.8. మొత్తం 40 సీసాలు.

ఐదో రోజుకి 22 పోయాయి. పదో రోజుకి 37. మిగిలిన మూడింట్లో ఒకటి డికాషన్ రంగుకి తిరిగింది. ఇదే చేత్తో, ఇదే లామినార్‌లో పెట్టిన అరటి సీసాలు పక్క ర్యాకులోనే నిక్షేపంగా ఉన్నాయి. నాకు అర్థం కానిది అదే. బావిస్టిన్ డోసు పెంచాలా? మెర్క్యూరిక్ క్లోరైడ్‌కి వెళ్లాలా? బుర్ర పని చెయ్యడం లేదు.

పాతకుక్కర్ (ఆమదాలవలస) · జనవరి 27, రాత్రి 10:40

ముందు ఆటోక్లేవ్‌ని అనుమానించు. 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర 121 డిగ్రీలు, 20 నిమిషాలు నిలిచిందా? లోపలి గాలి బయటికి పోకముందే వాల్వ్ మూస్తే ముల్లు 15 చూపిస్తుంది గానీ వేడి అంత ఉండదు. నేను ఇంట్లో కుక్కర్‌తోనే నెట్టుకొస్తున్నాను కాబట్టి ఈ దెబ్బ బాగా తెలుసు. ముక్క పెట్టకుండా ఖాళీ మీడియా సీసాలు నాలుగు వారం ఉంచి చూడు.

మహేంద్రతనయ · జనవరి 27, రాత్రి 10:52

ఖాళీవి ఆరు ఉంచాను అన్నా. ఆరూ ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి.

ల్యాబ్‌అక్క (విజయనగరం) · జనవరి 28, ఉదయం 6:15

తమ్ముడూ, పోయిన సీసాలు పారేశావా? పారెయ్యకపోతే వాటిని రెండు కుప్పలు చెయ్యి. దూదిలా, బూడిద రంగులో పైకి లేచినవి ఒక పక్క. ముక్క కాలు దగ్గర మీడియాలో పాలు ఒలికినట్టు మబ్బు కమ్మినవి ఇంకో పక్క. లెక్క చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం. లెక్క పెట్టాక మూత తెరవకుండా అన్నీ ఆటోక్లేవ్‌లో వేసి చంపి, ఆ తర్వాతే కడుగు. గదిలో మూతలు తీశావంటే నీ అరటి కూడా పోతుంది.

మహేంద్రతనయ · జనవరి 28, ఉదయం 8:03

లెక్క పెట్టాను అక్కా. దూది 9. పాలు 28. ఇప్పుడు చూస్తే ఆ పాలమబ్బు ప్రతి సీసాలోనూ ముక్క కోసిన వైపు నుంచే మొదలైంది. పైనుంచి పడింది ఒక్కటీ లేదు.

ల్యాబ్‌అక్క · జనవరి 28, మధ్యాహ్నం 1:30

అయితే తప్పు నీ చేతిలో లేదు, గడ్డలోనే ఉంది. దూది అంటే బూజు. అది గాలిలోంచో, చేతిలోంచో, సరిగా కడగని తొక్కలోంచో వస్తుంది. పాలు అంటే బ్యాక్టీరియా, అది గడ్డ లోపల కాపురం ఉంటోంది. గడ్డ ఏళ్ల తరబడి మట్టిలో ఉంటుంది. ప్రతి ఏడూ ఆకులు ఎండిపోయి ఆ కాళ్లే పొరలుగా మిగులుతాయి. ఆ సందుల్లోకి వాననీళ్లు దిగుతాయి, నీళ్లతో పాటు మట్టిలోవన్నీ దిగుతాయి. హైపోక్లోరైట్ తగిలిన చోటే చంపుతుంది. పొర లోపలి కణాల మధ్య ఉన్నదాన్ని ఏం చేస్తుంది? బావిస్టిన్ బూజు మందు, బ్యాక్టీరియాకి దాంతో పని లేదు. నువ్వు డోసు రెట్టింపు చేసినా ఆ 28 సీసాలూ పోయేవే.

నేను తొమ్మిదేళ్లు అరటి ల్యాబ్‌లో పనిచేశాను. అరటిలోనూ లోపలి సరుకు ఉంటుంది. కాకపోతే పిలక పొరలన్నీ ఒలుచుకుంటూ పోతే మధ్యలో చిన్న మొగ్గ దొరుకుతుంది, పని అయిపోతుంది. గడ్డలో నువ్వు ఆ మొగ్గ తీసుకోవడం లేదు, పొరలే తీసుకుంటున్నావు. తేడా అక్కడే ఉంది.

మెర్క్యూరిక్ క్లోరైడ్ గురించి అడిగావు. పాదరసం విషం అది. ల్యాబుల్లో 0.1 శాతం వాడతారు, నేనూ వాడాను. ఇంటి వెనక గదిలో మాత్రం వద్దు. కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావు, బావి పక్కనా?

ఉద్దానం_రైతు (కవిటి) · జనవరి 28, సాయంత్రం 6:45

బాబూ, ఒకటడుగుతాను, కోప్పడకు. ఉల్లిలాంటి గడ్డకి సీసా ఎందుకు, ఏసీ ఎందుకు? గడ్డని నిలువునా చీల్చి, కింద పళ్లెం ముక్క కొంచెం అంటుకుని ఉండేలా రెండేసి పొరలు విడదీసి, తడి ఇసకలో పెడితే మూడు నెలల్లో ఆ పొరల మధ్య పిల్లగడ్డలు వస్తాయి. మా ఇంటి ముందు ఎర్ర లిల్లీ గడ్డలకి మా ఆవిడ ఎప్పటినుంచో ఇదే చేస్తోంది. ఆవిడ ఏ కాలేజీకీ వెళ్లలేదు. కరెంటు బిల్లు లేదు.

ఇంకో మాట. 2018లో తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి, మీ జీడి ఒక్క రాత్రిలో పడుకోబెట్టాక, ఇది వెయ్యండి అది వెయ్యండి అని మాకు చెప్పనివాడు లేడు. ఒకాయన కలబంద అన్నాడు. ఒకాయన ఇంకేదో వేరు అన్నాడు. వేసినవాడు వేశాడు, కొనేవాడు రాలేదు. నీ గడ్డ ఎవరు కొంటారు? అది ముందు చెప్పు.

సాలూరు_సంత · జనవరి 28, రాత్రి 8:20

కొనేవాళ్లు ఉన్నారు. గోనెడు తెస్తే బేరం వేరు, లారీ తెస్తే బేరం వేరు. లారీ అంటే ఎక్కడి సరుకు అని కాగితం అడుగుతారు. అడవిలోది అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. సాగు చేసింది అయితే చేసినట్టు రుజువు కావాలి. ధర ఇక్కడ రాయను, రాసిన రోజున ఉన్నది మర్నాడు ఉండదు.

బోటనీ_మేష్టారు (విజయనగరం) · జనవరి 28, రాత్రి 9:55

రైతు గారు చెప్పింది నిజమైన పద్ధతే. పూలతోటల వాళ్లు దాన్ని ట్విన్ స్కేలింగ్ అంటారు, జంటపొరల కోత అనుకుందాం. ఇంగ్లండులో మంచుపూల గడ్డలకీ, నర్గిస్ గడ్డలకీ ఇదే చేస్తారు. కింద పళ్లెం అన్నారే, కీలకం అదే. గడ్డలో నిజమైన కాండం ఆ పళ్లెమే, పొరలన్నీ ఆకులు. పిల్లగడ్డ పుట్టేది పళ్లెమూ పొరా కలిసే గీత దగ్గర. పళ్లెం అంటుకోని పొర ముక్క చాలావరకు కుళ్లిపోతుంది. నాయనా మహేంద్రతనయా, సీసాలో పెట్టిన నీ ముక్కలకి పళ్లెం ఉందా?

ఈ మొక్క సంగతి కొంచెం చెప్పనివ్వండి. డ్రిమియా ఇండికా అని ఇప్పటి పేరు, పాత పుస్తకాల్లో అర్జీనియా ఇండికా. మధ్యధరా సముద్రపు ఒడ్డున దీని అక్క ఒకటి ఉంది, డ్రిమియా మారిటిమా. పాశ్చాత్య వైద్యంలో స్క్విల్ పేరుతో దగ్గు మందుల్లో వాడింది దాన్ని. దానికి బదులుగా మన గడ్డ ఇండియన్ స్క్విల్ పేరుతో ఫార్మకోపియాలోకి, అంటే అధికారిక మందుల గ్రంథంలోకి ఎక్కింది. రెండింట్లోనూ గుండె మీద పనిచేసే గ్లైకోసైడులు ఉన్నాయి. మన గడ్డలో ముఖ్యమైనది ప్రోసిల్లారిడిన్ ఏ.

వింత ఏమిటంటే మన దేశంలో ఈ మొక్కలు చూపుకి ఒకటే, లోపల మూడు నాలుగు రకాలు. కొన్నింట్లో క్రోమోజోములు 20, కొన్నింట్లో 30, కొన్నింట్లో 40. ముప్పై ఉన్నది త్రిగుణితం, అంటే ఒక్కో క్రోమోజోము మూడేసి ఉంటుంది, గింజ సరిగా కట్టదు. మీ తాత గారి కాలం నుంచీ అన్నే ఉన్నాయన్నావు చూడు, నీ గట్టు మీదివి అలాంటివేనేమో అని నా అనుమానం. మైక్రోస్కోపు కింద వేరు కొస చూస్తే గానీ చెప్పలేం. గింజ కట్టని మొక్కని పెంచాలంటే ముక్కలు చెయ్యడం ఒకటే దారి. అది ఇసకలోనా సీసాలోనా అన్నది తర్వాతి మాట. సీసాలో ఇది కొత్తేమీ కాదు, 1980లలోనే కలకత్తాలో గడ్డ ముక్కల నుంచి మొక్కలు తీశారు.

నువ్వు వాడుతున్న ఎంఎస్ మీడియా 1962లో మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు పొగాకు కోసం తయారుచేసింది. పొగాకుకి కుదిరింది గడ్డకి అచ్చుగుద్దినట్టు కుదరాలని లేదు. దీని మీద ఇంకా చాలా రాయొచ్చు గానీ ఇంట్లో లైటు తీసెయ్యమంటున్నారు.

మహేంద్రతనయ · జనవరి 29, ఉదయం 7:10

మేష్టారూ, సగం ముక్కలకి పళ్లెం లేదు. పళ్లెం దగ్గర మట్టి ఎక్కువ ఉంటుందని నేనే కోసి పారేశాను. తెలివి తెల్లారినట్టే ఉంది.

నాటువైద్యం_మనవరాలు (సీతంపేట) · జనవరి 29, ఉదయం 11:25

ఇంతమంది రాశారు, ఒక్కరూ జాగ్రత్త చెప్పలేదు. అన్నా, గడ్డ కోసినప్పుడు చేతులు దురద పెట్టాయా లేదా? ఆ జిగురులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు, ఆ చేత్తో కళ్లు నలుపుకోకు.

అసలు భయం అది కాదు. మా తాత ఈ గడ్డని వంటింటి గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. పెరట్లో చూరుకి వేలాడదీసి, దానికి ఎర్ర గుడ్డ కట్టేవాడు. ఒలిచాక తెల్లగా, అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది. కళ్లు మండించే ఉల్లి వాసన మాత్రం ఉండదు. పొరపాటున కూరలో పడితే వాంతులతో మొదలై గుండె లయ తప్పుతుంది. ఎంత మోతాదు మందు, ఎంత విషం అన్నది ఫోరంలో చెప్పే విషయం కాదు, ఎవరూ అడగొద్దు. మా తాత కూడా పై పూతకి తప్ప లోపలికి ఇచ్చేవాడు కాదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గదికి తాళం వెయ్యి.

మహేంద్రతనయ · జనవరి 29, మధ్యాహ్నం 12:02

దురద రెండు రోజులు ఉంది చెల్లీ. సబ్బు పడలేదేమో అనుకున్నాను. మిగిలిన గడ్డలు నిజంగానే వంటింటి పక్క ఉల్లిపాయల బుట్ట దగ్గర పెట్టి ఉన్నాయి. ఇది చదివాక లేచి వెళ్లి తీశాను. మా అమ్మకి చూపించి చెప్పాను. ఎర్ర గుడ్డ కట్టాను.

మోడరేటర్ · జనవరి 29, మధ్యాహ్నం 12:30

పై రెండు పోస్టులూ థ్రెడ్ మొదట్లో పిన్ చేస్తున్నాం. మోతాదుల గురించి అడిగిన ఒక పోస్టు తీసేశాం.

ల్యాబ్‌అక్క · జనవరి 30, రాత్రి 9:05

ఇక పనిలోకి వద్దాం. నీకు రెండు దార్లు.

ఒకటి, ఉన్న గడ్డలని శుభ్రపరచడం. మిగిలినవాటిని ఉడకబెట్టి చల్లార్చిన ఇసకలో, కుండీల్లో పెట్టు. నీళ్లు పైనుంచి పొయ్యకు, కుండీ కింద పెట్టిన సాసర్లో పొయ్యి. గడ్డ మెడ తడవకూడదు. కొన్ని నెలలు అలా పెరిగాక కొత్తగా వచ్చిన లోపలి పొరలు తీసుకుంటే మురికి తగ్గుతుంది, పూర్తిగా పోదు. యాంటీబయాటిక్ కలిపితే ఏమవుతుందని అడుగుతావు, అందరూ అడుగుతారు. సెఫోటాక్సిమ్ కలిపితే అణుగుతుంది. అది లేని మీడియాకి మార్చిన రెండో వారంలో మళ్లీ పాలు. నేను మూడు నెలలు దాని మీద పోగొట్టుకున్నాను.

రెండోది నాకు ఇష్టమైంది. ఈ మొక్క ఎండాకాలంలో ఆకు లేకుండా పూలకాడ వేస్తుంది, చూశావుగా. నేలలోంచి కర్ర పాతినట్టు ఒక్క కాడ లేస్తుంది. ఆ కాడ మట్టిలో ఏళ్ల తరబడి ఉన్నది కాదు, వారం పది రోజుల్లో లేచింది. లోపల సరుకు చాలా తక్కువ. జానెడు ఎత్తు ఉన్నప్పుడు, మొగ్గలు ఇంకా బిగుసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నప్పుడు కోసుకో. ముదిరితే పనికిరాదు. అయితే అప్పటిదాకా ఆగాలి.

పాతకుక్కర్ · జనవరి 30, రాత్రి 9:31

ఆగే లోపు ఒకటి సరిచూసుకో. బీఏపీ 2 మిల్లీగ్రాములు అన్నావు. ఏ త్రాసులో తూచావు? బంగారం కొట్టు త్రాసు మీద కూడా 2 మిల్లీగ్రాములు నమ్మకంగా తూచలేం. 100 మిల్లీగ్రాములు తూచి, కాస్త క్షారంలో కరిగించి, 100 మిల్లీలీటర్లకి డిస్టిల్డ్ వాటర్ కలుపు. అప్పుడు మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము. లీటరు మీడియాకి రెండు మిల్లీలీటర్లు పిప్పెట్‌తో పొయ్యి. ఇక నీళ్లు. బ్యాటరీ షాపులో డబ్బా కొంటున్నావా? దాని మీద డీమినరలైజ్డ్ అని రాసుంటే డిస్టిల్డ్ అనుకుని మోసపోకు.

మహేంద్రతనయ · జనవరి 30, రాత్రి 9:44

స్టాక్ చేసే కలుపుతున్నాను అన్నా. నీళ్లు మాత్రం బ్యాటరీ షాపువే. డబ్బా తిప్పి చూశాను. డీమినరలైజ్డ్.

ఉద్దానం_రైతు · జనవరి 31, ఉదయం 5:50

ఏప్రిల్ దాకా ఆగి, ఆనక ఇంకో ఆరు నెలలు సీసాల్లో పెంచి. ఈ లోపల మా ఆవిడ ఇసకలో పాతిక పిల్లలు తీస్తుంది.

ల్యాబ్‌అక్క · జనవరి 31, ఉదయం 9:20

రైతు గారూ, మీ పాతికకి నేను అడ్డు చెప్పను. ఒక మంచి గడ్డని పదహారు చీలికలు చేసి, ఒక్కో దాంట్లో రెండేసి జంటలు తీస్తే ముప్పై పిల్లలు వస్తాయి. అక్కడితో ఆ గడ్డ కథ అయిపోయింది. ఆ ముప్పై పిల్లలు మళ్లీ చీల్చే సైజుకి రావాలంటే రెండు మూడు ఏళ్లు. సీసాలో శుభ్రమైన మొక్క ఒక్కటి కుదిరితే ఆరు వారాలకొకసారి నాలుగింతలు అనుకోండి. ఆరు మార్పులకి 4,096.

నిజం కూడా నేనే చెబుతాను. ఆ లెక్క కాగితం మీదే. నాలుగు వేల మొక్కలకి సీసాలు కావాలి, ర్యాకులు కావాలి, రోజంతా లామినార్ ముందు కూర్చునే చేతులు కావాలి. ల్యాబుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఆ చేతులే. యాభై మొక్కలు చాలంటే టిష్యూ కల్చర్ డబ్బు దండగ. వేలల్లో, ఒకే రకం, ఒకే శక్తి ఉన్న గడ్డలు కావాలంటే వేరే దారి లేదు. తమ్ముడూ, నీకు ఎన్ని కావాలి? ఇన్ని రోజుల్లో అది నువ్వు ఒక్కసారీ చెప్పలేదు.

మహేంద్రతనయ · జనవరి 31, రాత్రి 10:30

నిజం చెప్పాలంటే ఆలోచించలేదు అక్కా. ల్యాబ్ ఉంది కాబట్టి మొదలుపెట్టాను. ఇప్పుడు కూర్చుని లెక్క వేశాను. జీడి చెట్ల మధ్య అర ఎకరంలో వేసి చూడాలంటే మూడు నాలుగు వేల గడ్డలు కావాలి. ఉద్దానం బాబాయ్ చెప్పింది కూడా చేస్తాను. ఒక గడ్డ ఇసకకి, మిగిలినవి కుండీలకి.

సాలూరు_సంత · ఫిబ్రవరి 1, ఉదయం 7:00

ఉద్దానం బాబాయ్ కోసం ఒక మాట. అడవినాభి గడ్డ తెలుసుగా, నాగలిలా రెండు కొమ్ములు ఉంటాయి. తమిళనాడులో దాన్ని పందిళ్లు వేసి సాగు చేస్తారు, గింజలు కొంటారు. కోల్చిసిన్ తీసి కీళ్ల నొప్పుల మందుకి వాడతారు. అక్కడ మార్కెట్ ముందు పుట్టింది, సాగు తర్వాత వచ్చింది. మన దగ్గర తిరగేసి చేస్తున్నాం.

ఉద్దానం_రైతు · ఫిబ్రవరి 1, ఉదయం 7:15

అదే కదా నేను మొత్తుకుంటున్నది.

మహేంద్రతనయ · ఏప్రిల్ 9, రాత్రి 11:20

చాలా రోజులైంది. అప్‌డేట్.

మార్చి ఆఖరి వారంలో గట్టు మీద కాడలు లేచాయి. మొదటి కాడ నేను చూసేసరికి మోకాలెత్తు ఉంది, మర్నాడు సాయంత్రం పొద్దుపోయాక పూలు విచ్చాయి, తెల్లారేసరికి వాడిపోయాయి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే టార్చి వేసుకుని వెళ్లి వెతికాను. జానెడు ఎత్తువి రెండు దొరికాయి. వేలు పెట్టి తడిమితే మొక్కజొన్న కంకి కొసలా గట్టిగా ఉంది.

ఈసారి బావిస్టిన్ లేదు. సబ్బు నీళ్లు, ఆల్కహాల్ అర నిమిషం, హైపోక్లోరైట్ పది నిమిషాలు. మొగ్గ కాడకి అంటుకున్న చోటు ఉండేలా చిన్న బిళ్లలుగా కోసి 24 సీసాలు పెట్టాను. పదమూడో రోజు ఇవాళ. పోయినవి 5. ఐదూ దూదే. పాలు ఒక్కటీ లేదు. ఒక్కటీ!

కొన్నింటి చుట్టూ మీడియా కొంచెం గోధుమ రంగు తిరుగుతోంది.

ల్యాబ్‌అక్క · ఏప్రిల్ 10, ఉదయం 6:30

శభాష్. గోధుమ రంగుకి టెన్షన్ వద్దు. కోసిన చోట ఫినాల్స్ అనే రసాలు కారతాయి. ముక్కని అదే సీసాలో కొంచెం పక్కకి జరుపు, లేదా కొత్త మీడియాకి మార్చు. మళ్లీ వస్తే బొగ్గుపొడి, అదే యాక్టివేటెడ్ చార్‌కోల్ కొంచెం కలుపు. మొదటి రోజు నుంచే చార్‌కోల్ వెయ్యకు, అది హార్మోన్లని కూడా పీల్చేసుకుంటుంది.

మహేంద్రతనయ · మే 21, రాత్రి 9:15

మొగ్గల మొదట్లో ఆకుపచ్చ గింజల్లాంటివి వచ్చాయి. 19లో 11 సీసాల్లో. కొన్ని ఆకులు వేశాయి. అయితే నాలుగు సీసాల్లో ఆకులు లావుగా, గాజులా, అవతలి వేలు కనిపించేలా ఉన్నాయి. ముట్టుకుంటే పుటుక్కుమంటున్నాయి. మొన్నటి గాలివానకి పదకొండు గంటలు కరెంటు లేదు, గది 36 డిగ్రీలకి వెళ్లింది. దాని వల్లేనా?

ల్యాబ్‌అక్క · మే 22, ఉదయం 6:10

వేడి కొంత. మిగతాది బీఏపీ. రెండు నుంచి ఒకటికి దించు. మీడియాని గట్టిపరిచే అగార్ కొంచెం పెంచు, లీటరుకి ఎనిమిది గ్రాములు. మూతలు ఊపిరాడకుండా టేపు చుట్టావేమో చూసుకో. ఆ నాలుగు సీసాలు తీసెయ్యి, వాటి నుంచి పిల్లలు చెయ్యకు. గాజు మొక్క బయటికి వస్తే రెండో రోజు కరిగిపోతుంది.

ఇంకోటి. ముక్క మీద తెల్లగా, పొడిపొడిగా ముద్ద లేచినచోట వచ్చిన మొక్కల్ని విడిగా గుర్తుపెట్టుకో. ఆ ముద్ద కాలస్. దాంట్లోంచి వచ్చిన మొక్క తల్లిలాగే ఉంటుందని హామీ లేదు. మందు మొక్కలో అదే అసలు గొడవ. చూడ్డానికి గడ్డే, లోపల గ్లైకోసైడు ఎంతుందో ఎవరికి తెలుసు.

బోటనీ_మేష్టారు · మే 22, ఉదయం 10:40

బాగా చెప్పావమ్మా. పెద్ద ల్యాబులు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సర్టిఫికేషన్ తీసుకునేది కూడా ఇందుకే. 2006లో వచ్చింది ఆ విధానం. వైరస్ లేదనీ, తల్లి మొక్కతో జన్యుపరంగా సరిపోతోందనీ పరీక్షిస్తారు. మన మహేంద్రతనయ అమ్మకానికి దిగే రోజు వస్తే ఆ దారి చూడాలి.

మహేంద్రతనయ · జులై 16, రాత్రి 10:05

మంచి ఆకుల గుత్తుల్ని పంచదార లీటరుకి 60 గ్రాములున్న మీడియాకి మార్చాను, హార్మోన్ లేకుండా. (అక్క ఫోన్‌లో చెప్పింది.) ఐదు వారాల్లో ఆకుల అడుగు ఉబ్బింది. ఇప్పుడు కందిగింజ నుంచి కాబూలీ సెనగ సైజు దాకా ఉన్నాయి, తెల్లగా, పలచని తొక్కతో. మొత్తం 63 గడ్డలు.

ముప్పై బయటికి తీశాను. అగార్ ఒక్క పలుకు కూడా మిగలకుండా గోరువెచ్చని నీళ్లలో బ్రష్‌తో కడిగి, ఆకులు సగానికి కత్తిరించి, ఇసకా కొబ్బరిపొట్టూ కలిపిన ట్రేలో పెట్టాను. పైన పాలిథీన్ కవరు, రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ. మూడు వారాలైంది. 26 బతికాయి. అరటి మొక్కలు బయటికి తెచ్చినప్పుడు పడిన పాట్లతో పోలిస్తే ఇది హాయి. ఆకు వాడినా గడ్డలో తిండి ఉంది, అది మళ్లీ ఇంకో ఆకు వేస్తోంది.

ఇక బాబాయ్ ఇసక. ఫిబ్రవరిలో ఒక గడ్డని చీల్చి 28 జంటలు చేసి, బూజు మందులో ముంచి, తడి ఇసక ఉన్న కవర్లో కట్టి, మంచం కింద పెట్టి మర్చిపోయాను. మే నెలలో గుర్తొచ్చి విప్పాను. 9 కుళ్లిపోయాయి. 19 జంటల మధ్య పిల్లగడ్డలు, కొన్నింట్లో రెండేసి. మొత్తం 24. సైజులో నా సీసావాటి కంటే పెద్దవి, బఠాణీలంత. ఖర్చు ఒక కవరు.

ఉద్దానం_రైతు · జులై 17, ఉదయం 5:40

మా ఆవిడకి చదివి వినిపించాను. కుళ్లిన తొమ్మిదీ నీళ్లు ఎక్కువై కుళ్లాయంటోంది. ఇసక పిండితే చుక్క రాకూడదట. పిడికిట్లో ముద్ద నిలవాలి, వదిలితే రాలాలి.

మహేంద్రతనయ · జులై 17, ఉదయం 7:25

పిన్నికి నమస్కారం చెప్పండి బాబాయ్. వచ్చే ఫిబ్రవరిలో ఆవిడ చెప్పినట్టే చేస్తాను. సీసావి ఒక మడి, ఇసకవి ఒక మడి పక్కపక్కనే వేశాను, ఏవి ముందు ముదురుతాయో చూద్దామని.

నాటువైద్యం_మనవరాలు · జులై 17, ఉదయం 9:10

మడి చుట్టూ కంచె ఉందా? వానల్లో లేత ఆకు వస్తుంది, మేకలు వస్తాయి.

మహేంద్రతనయ · జులై 17, ఉదయం 9:18

ఉంది. కంచె మీద ఎర్ర గుడ్డ కూడా.

పాతకుక్కర్ · జులై 17, రాత్రి 8:50

మా ఇంటి దగ్గర విషముంగిలి (తెల్ల లిల్లీలా పూసే గడ్డ మొక్క) పొద పూసింది. కాడ ఇంకా లేతగానే ఉంది. ఇదే పద్ధతి దానికి పనికొస్తుందా అక్కా? కుక్కర్ సిద్ధంగా ఉంది.

ల్యాబ్‌అక్క · జులై 17, రాత్రి 9:02

పూసిందంటే ముదిరినట్టే. పక్క పిలక కాడ వేసేదాకా ఆగు. దాని గింజ నీళ్లు లేకపోయినా మొలిచే రకం, ముందు గింజలు ఏరుకో. అది వేరే కథ, కొత్త థ్రెడ్ తెరువు.